అరుణకుమారి గొంతు

ఊడిపోయిన రెండు తీగల కొసలను ఫెబీ వేళ్ళ మధ్య పట్టుకుని చూపించిన దగ్గర పోయిన వారం ఆగాం. గిద్దలూరు నుంచి కంప్యూటర్ పెట్టెను దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని మార్కాపురం తెచ్చాడు వీరాంజనేయులు. ఆన్ చేసిన కాసేపటికే అది ఆగిపోతోంది. లోపల ఏదో టక్కుటక్కుమంటోంది. ఎండాకాలం వేడికి అలా అవుతోందని అతను అనుకున్నాడు. రిపేరు షాపు నడిపే ఫెబీ పక్క రేకు విప్పి చూస్తే, ప్రాసెసరును చల్లబరిచే ఫ్యాను తీగా, హార్డ్ డిస్కు మీదికి గాలి కొట్టే ఫ్యాను తీగా రెండూ పీకేసి ఉన్నాయి. పీకినవాళ్ళు వాటిని చక్కగా మడిచి రేకు సందులోకి దోపారు కూడా.

"వీటిని ఎవరు పీకినారన్నా?" అని ఫెబీ అడిగింది.

స్టూలు మీద కూర్చున్న అతని భార్య అరుణకుమారి, మెడ చుట్టూ ఉన్న నూలు గుడ్డ సర్దుకుని తల దించుకుంది.

అడగకుండా ఉండాల్సిందని ఆ క్షణానే ఫెబీకి అనిపించింది. "ఊడిపోయుంటాయిలే అన్నా. బస్సు కుదుపులకి..." అంది.

"కుదుపులకి ఊడినవి మడత కూడా పెట్టుకుంటాయా చెల్లే?" వీరాంజనేయులు గొంతు పెంచలేదు. భార్య వైపు తిరిగాడు. "అరుణా, నువ్వేనా?"

ఆమె అవునని తల ఊపింది.

అతను గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. కోపం వస్తే బాగుండేది. కోపం కూడా రాలేదు. తను లేని సమయం చూసి, తన షాపు గదిలోకి వెళ్ళి, స్క్రూలు విప్పి, ఈ తీగలు పీకి, మళ్ళీ స్క్రూలు బిగించి, ఏమీ ఎరగనట్టు తనకు అన్నం వడ్డించిందా ఈ మనిషి?

"ఎందుకు?" అన్నాడు.

అరుణకుమారి సంచిలోంచి పలక తీసింది. బలపం కోసం వెతుకుతుంటే ఫెబీ మధ్యలోకి వచ్చింది. "అన్నా, వదినా, మాటలు తర్వాత మాట్లాడుకోండి. ముందు డిస్కు సంగతి చూడాల. ఆ టక్కుటక్కు శబ్దం దాన్నుంచే వస్తంది. దాంట్లో ఏముందో నాకు తెలవదు గానీ, ఆలస్యమైతే ఏదీ మిగలదు."

దాంట్లో ఉన్నది అరుణకుమారి గొంతు.

ఈ పశ్చిమ మండలాల్లో అరుణకుమారి ముఖం తెలిసినవాళ్ళు తక్కువ. గొంతు తెలియనివాళ్ళు లేరు. వీరాంజనేయులుది ఆటో పబ్లిసిటీ షాపు. బట్టల కొట్టు ఆషాఢం తగ్గింపులు, పోలియో చుక్కలు, నీళ్ళ ట్యాంకరు ఏ వీధికి ఎప్పుడొస్తుందో, కొమరోలు సంతలో తప్పిపోయిన పొట్టేలుకి ఏ చెవి కోసి ఉందో, అన్నీ ఆమె మైకు ముందు కూర్చుని చెప్పేది. అతను రికార్డు చేసేవాడు. ఆ మాటలు ఆటోల మీద పుల్లలచెరువు దాకా, కనిగిరి దాకా తిరిగేవి. ఎండిన బోరు కాడ కూర్చున్న రైతు కూడా ఆ గొంతు వింటే తల తిప్పి చూసేవాడు. అడవి అంచు ఊళ్ళలో అయితే ఆడవాళ్ళు ఆటోను ఆపి, "ఈ మాట్లాడే అమ్మ యాడుంటది?" అని డ్రైవర్ని అడిగేవాళ్ళట.

మూడేళ్ళ కింద గొంతులో క్యాన్సరు అన్నారు. స్వరపేటిక తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రం, ఊపిరి అందులోంచే. దుమ్ము పోకుండా దానిమీద నూలు గుడ్డ. అప్పటినుంచి ఆమె మాటలన్నీ పలక మీదే. కొట్లవాళ్ళు మాత్రం పాత రికార్డింగులే ఇంకా తిప్పుతున్నారు. మార్కెట్లో వంకాయలు ఏరుకుంటుంటే పక్కనుంచి ఆటో పోతుంది, దానిమీద తన గొంతు పోతుంది. ఏరుతున్న చెయ్యి ఆగిపోతుంది. ఆటో మలుపు తిరిగేదాకా అరుణకుమారి అలా నిలబడి ఉంటుంది.

ఫెబీ డిస్కును పెట్టెలోంచి విప్పి తీసింది. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. రెండు రబ్బరు ముక్కల మీద దాన్ని ఉంచి, టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పి, చల్లారేదాకా ముట్టుకోలేదు. తర్వాత తన సొంత కంప్యూటర్‌కి తగిలించింది. తెర మీద వరుసగా పడుతున్న అంకెలు చూస్తూ పెదవి కొరుక్కుంది.

"ఏమంటంది?" అన్నాడు వీరాంజనేయులు.

"డిస్కు తన జబ్బు తనే రాసిపెట్టుకుంటదన్నా. చదవడానికి రాని చోట్లు పడినాయి. రోజురోజుకీ పెరుగుతన్నాయి. ప్రాసెసరుకి ఏం కాలేదు. అది తెలివైంది, కాలిపోకముందే మిషన్ని ఆపేస్తది. నువ్వు ఆగిన ప్రతిసారీ మళ్ళీ ఆన్ చేసినావు చూడు, ఆ దెబ్బ డిస్కుకి తగిలింది."

"ఆన్ చేస్తే ఏవో ఎర్ర అక్షరాలు వచ్చేవి. ఒక బటన్ నొక్కితే పోయేవి."

"ఫ్యాను తిరగట్లేదు బాబో అని అది అరిచిందన్నా. నువ్వు దాని నోరు నొక్కినావు."

అన్నాక ఫెబీ నాలుక కరుచుకుంది. అరుణకుమారి ముఖంలో ఏమీ మారలేదు.

"ఇప్పుడు ఈ మిషన్ని నడిపించే లినక్సుని ఈ డిస్కు మీంచి లేపకూడదు. లేపితే అది ఏదో ఒకటి రాసుకుంటానే ఉంటది. ఒక్క అక్షరం కూడా రాయనీయకుండా, చదివి మాత్రమే, మొత్తం కొత్త డిస్కుకి కాపీ తీస్తా. దానికొక ప్రోగ్రాం ఉంది. బాగున్న చోట్లన్నీ ముందు తీసేసుకుంటది. చెడ్డ చోటు తగిలితే పట్టుకుని వేలాడకుండా దాటిపోతది. చివర్లో వెనక్కొచ్చి ఆ చెడ్డ చోట్లని ఒక్కొక్కదాన్ని బతిమాలుకుంటది. ఇచ్చినకాడికి తీసుకుంటాం."

కాపీ మొదలైంది. తెర మీద ఒక గీత చాలా మెల్లగా పెరుగుతోంది. కాసేపటికి డిస్కు మళ్ళీ వేడెక్కింది. ఫెబీ ఆపింది, చల్లారనిచ్చింది, ఆగిన చోటు నుంచే మళ్ళీ మొదలుపెట్టింది. అలా ఆపుతూ, ఆగుతూ పోతుంటే చూడలేక వీరాంజనేయులు బయటికి పోయాడు. మిట్టమధ్యాహ్నం ఎండ. వీధిలో పలకల లోడు లారీ ఒకటి దుమ్ము రేపుకుంటూ పోయింది. ఫెబీ లేచి తలుపు దగ్గరికి వేసింది, అరుణకుమారి మెడ గుర్తొచ్చి.

పలక మీద బలపం కదిలిన చప్పుడు.

*నా మీద కోపమా?*

"నాకెందుకు వదినా కోపం?" అంది ఫెబీ. ఎదురుగా కుర్చీ జరుపుకుని కూర్చుంది.

అరుణకుమారి రాసింది, చూపించింది, కొంగుతో తుడిచింది, మళ్ళీ రాసింది. ఫెబీ ప్రతి మాటా చివరిదాకా చదివింది. మధ్యలో నోరు తెరవలేదు. మొదటి రెండు అక్షరాలు చూసి తక్కినది ఊహించేసుకుని జవాబు చెప్పేసేవాళ్ళ మధ్య బతుకుతున్న మనిషికి, అలా ఆగి చదివే ఒక మనిషి దొరికితే ఏమవుతుందో ఫెబీకి తెలియదు. అరుణకుమారి చెయ్యి మాత్రం ఇక ఆగలేదు.

*రోజూ సాయంత్రం షాపు తలుపేసుకుంటాడు. చెవులకి హెడ్‌ఫోను. నా పాత రికార్డింగులు వింటాడు.*

*అన్నానికి రమ్మని చప్పట్లు కొడతా. పళ్ళెం మీద గరిటెతో కొడతా. వినపడదు.*

*ఒకరోజు తలుపు సందులోంచి చూసినా. కళ్ళు మూసుకుని నవ్వుతున్నాడు. నన్ను చూసి అట్ల నవ్వింది ఎప్పుడో.*

తర్వాతది రాయడానికి ఆమెకి చాలాసేపు పట్టింది.

*ఆమె పోతే నా దగ్గరికి వస్తాడనుకున్నా.*

"ఆమె ఎవరు వదినా?" అంది ఫెబీ తెలియక.

అరుణకుమారి బలపం పట్టిన వేలితో తన మెడ మీద గుడ్డ చూపించింది.

ఫెబీ ఆ గొంతును ఎరుగును. చిన్నప్పుడు బడికి పోయే దారిలో ఆ గొంతు ఆటో మీద తనని దాటిపోయేది. ఎవరో పెద్ద చదువులు చదివిన పట్నం మనిషి అనుకునేది. ఆ గొంతు మనిషి ఇప్పుడు తన ఎదురుగా కూర్చుని, తన గొంతు మీద తనే సవతిలా అసూయపడుతోంది. తప్పని ఎట్లా అంటాం? ఫెబీ ఆమె చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

మొదటి విడత కాపీ పూర్తయ్యేసరికి ఎండ వాలింది. బాగున్న చోట్లన్నీ వచ్చేశాయి. ఫెబీ కొత్త డిస్కు తెరిచి, మిషను ఈ మధ్య ఏమేమి చేసిందో అది రాసిపెట్టుకున్న వరుసలు చూసింది. పేజీ తర్వాత పేజీ ఒకటే మాట. వేడి హద్దు దాటింది, వేగం తగ్గించుకున్నాను. వేడి హద్దు దాటింది, వేగం తగ్గించుకున్నాను. తీగలు పీకక ముందునుంచే ఉన్నాయి ఆ మాటలు. రాత్రీ పగలూ ఉన్నాయి.

వీరాంజనేయులు మజ్జిగ ప్యాకెట్లు పట్టుకుని లోపలికి వచ్చాడు. ఫెబీ తెర అతని వైపు తిప్పింది.

"అన్నా, రికార్డింగులు వింటే ఇంత వేడి పుట్టదు. సినిమాలు చూసినా పుట్టదు. ఈ మిషను నెలల తరబడి ఊపిరి తీసుకోకుండా పనిచేసింది. లోపల దుమ్ము దుప్పటి మాదిరి పేరుకుపోయి ఉంది, దాంతోనే సగం ఉడికింది. వదిన తీగలు పీకినాక మిగతా సగం. ఆగిపోయినా నువ్వు ఆపలేదు. ఏం చేయించినావు దీనితో?"

అతను ప్యాకెట్లు బల్ల మీద పెట్టాడు. అరుణకుమారి తల ఎత్తింది. ఈ ప్రశ్న ఆమెకీ కొత్తదే.

"పూర్తయినాక చెబుదామనుకున్నా," అన్నాడు.

"ఏంది పూర్తయ్యేది?"

అతను ఫెబీకి కాదు, భార్యకి చెప్పాడు. "నీ గొంతు, అరుణా. నీ గొంతు తయారుచేస్తన్నా."

అతను ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"నువ్వు ఫోన్లో ఏదన్నా రాస్తే నీ గొంతుతో చదివేటట్టు. నీ ఫోన్లో ఇప్పుడు చదివేది ఎవరో ఆడమనిషి. దాన్ని నువ్వు ఒక్కరోజు వాడి మూసేసినావు గదా. అట్ల కాదు, నీదే. రికార్డింగులన్నీ చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో నువ్వేమన్నావో పక్కన టైపు చేసి ఇస్తే, మిషను విని విని నేర్చుకుంటది. ఊరికే దొరికే ప్రోగ్రామే. దానికోసమే వీడియోలు చూసి లినక్స్ ఎక్కించుకున్నా. నాది పాత మిషను, బలం తక్కువ. పెద్ద మిషను రోజులో నేర్చేది ఇది నెలలు నేరుస్తది. అందుకే ఆపలేదు. రోజూ కూర్చుని ముక్కలు కోసినా. వినకుండా ఎట్ల కోస్తా?"

అరుణకుమారి పలక అందుకుంది. మొదటి అక్షరాలు పడ్డాయో లేదో, అతను "నీ కోసమే గదా అరుణా, నీకు..." అన్నాడు.

ఆమె బలపం పలక మీద గట్టిగా కొట్టింది. అది రెండు ముక్కలైంది. చిన్న ముక్కతోనే మిగతా మాట పూర్తిచేసి, అతని ముఖానికి దగ్గరగా పట్టుకుంది. చదివేదాకా దించలేదు.

*నన్నడిగినావా?*

అతను చదివాడు. ఆమె తుడిచి మళ్ళీ రాసింది. ఈసారి అతను ఆగాడు.

*నా గొంతు తీసేటప్పుడు డాక్టరు అడిగి, నా చేత సంతకం పెట్టించుకుని తీసినాడు. తిరిగి పెట్టేటప్పుడు నువ్వు ఒక్క మాట అడగలేదు.*

వీరాంజనేయులు కుర్చీలో కూలబడ్డాడు. ఫెబీ లేచి లోపలికి పోదామనుకుంది. పోవడానికి అది ఒకటే గది.

"భయమైంది," అన్నాడు చివరికి. "వద్దంటావని. వద్దంటే ఇంక చేయలేను. చేయకుండా ఉండలేను."

ఆమె అతన్నే చూస్తోంది.

"పిలిపించుకోవాలని ఉంది అరుణా. అంతే. నేను వీధిలో ఎవరితోనన్నా మాట్లాడతా ఉంటే, వంటింట్లోంచి అరిచేదానివి, అన్నం చల్లారిపోతందని. పది మందిలో పరువు తీస్తదని కసురుకునేవాణ్ణి. ఇప్పుడు చప్పట్లు కొడతావు. ఆ చప్పట్లు నాకోసమేనని తెలుసు. కానీ చప్పట్లలో నా పేరు ఉండదు. ఎవరిని పిలిచినా అదే చప్పుడు. మేకను అదిలించినా అదే చప్పుడు. నువ్వు నా పేరు పిలిచి మూడేళ్ళయింది. నువ్వు బతికే ఉండావు, నా పక్కనే ఉండావు, అది చాలదా అని నన్ను నేనే తిట్టుకుంటా. చాలాల. కానీ పొద్దు గూకేసరికి చెవులు ఊరికే ఎదురుచూస్తాయి."

అరుణకుమారి మెల్లగా రాసింది. *వింటా నవ్వేవాడివి.*

"చూసినావా?" అతను సిగ్గుపడ్డాడు. "అది... అడ్వర్టైజుమెంటు మధ్యలో నన్ను తిట్టిన ముక్కలు ఉండిపోయినాయిలే. 'మైకు దగ్గరికి జరుపయ్యా, నేనేమన్నా బాయిలోంచి అరుస్తన్నానా' అంటావు ఒకకాడ. చీరల కొట్టు యాడ్‌లో. మిషనుకి నేర్పడానికి ఆ ముక్క పనికిరాదు, ఎనక లారీ హారన్ ఉంది. తీసెయ్యాల. తీసెయ్యలేకపోయినా. రోజూ ఒకసారి వినేవాణ్ణి."

నవ్వబోతే అరుణకుమారికి ఊపిరి మెడలోంచి ఈలలా వచ్చింది. అది నవ్వో ఏడుపో ఫెబీకి తెలియలేదు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. గుడ్డ సర్దుకుంది.

అతను ఆమె మోకాళ్ళ దగ్గరికి జరిగాడు. "ఇప్పుడు అడుగుతన్నా. వద్దంటే చెల్లెకి చెప్పి మొత్తం తుడిచేపిస్తా. రికార్డింగులతో సహా. నీది, నీ ఇష్టం. ఉంచమంటే, అది నీ ఫోన్లో ఉంటది, నువ్వు రాసిందే మాట్లాడతది. నీకు తెలియకుండా దాని చేత ఒక్క మాట పలికించను. కడకు నా పేరు కూడా."

ఫెబీ తెర మీది గీత వైపు చూసింది. ఇప్పటికి వచ్చింది బాగున్న చోట్లు మాత్రమే. చెడ్డ చోట్ల దగ్గరికి తిరిగి వెళ్తే, ఆ ప్రయత్నంలో డిస్కు పూర్తిగా పోవచ్చు. ఆ మాట ఇంకా వాళ్ళకు చెప్పలేదు.

చెప్పింది. "వదినా, ఆయన నేర్పిన గొంతు చివరగా దాచుకున్న ఫైలు చెడ్డ చోటులోనే పడింది. దానికి ముందుది బాగానే ఉంది, కొంచెం తక్కువ నేర్చుకున్నది. చివరిది కావాలంటే ఇంకా ప్రయత్నించాల, డిస్కుకి ఓపిక ఉంటే వస్తది, లేకపోతే లేదు. నువ్వెట్ల చెబితే అట్ల."

అరుణకుమారి ఈసారి పలక మీద రాయలేదు. లేచి, విప్పేసి ఉన్న పెట్టె దగ్గరికి వెళ్ళింది. అప్పటికే ఫెబీ లోపలంతా శుభ్రం చేసి పెట్టింది. ప్రాసెసరు మీది అల్యూమినియం రెక్కల మధ్య నుంచి దుమ్మును ముద్దలుగా లాగి, ఎండి పెళుసుబారిన పాత పేస్టు గీకి కొత్తది పూసింది. తీగలు మాత్రం తగిలించలేదు. ఎందుకో చెయ్యి రాలేదు. అరుణకుమారి వాటిలో ఒకటి తీసి, గాడి చూసుకుని, నొక్కింది. రెండోది కూడా నొక్కింది. ఫెబీ వైపు తిరిగి, కానియ్యమన్నట్టు గడ్డం ఊపింది.

చెడ్డ చోట్ల దగ్గర డిస్కు చాలా బతిమాలించుకుంది. ఒక్కో చోట ఎన్నిసార్లు అడిగినా టక్కుటక్కుమంటూ ఉండిపోయేది. ఒక్కో చోట అడగ్గా అడగ్గా ఇచ్చేసేది. ఫెబీ తడిగుడ్డ పిండి ఫ్యాను ముందు ఆరేసింది, గాలి చల్లబడుతుందని. వీరాంజనేయులు చేతులు ముడుచుకుని ఆ గీతనే చూస్తున్నాడు. అతని పక్కనే అరుణకుమారి స్టూలు జరుపుకుంది. ఒక ప్యాకెట్ చింపి మజ్జిగ అతనికి ఇచ్చింది. పొద్దుటినుంచి అతను ఏమీ తినలేదని ఆమెకు తెలుసు.

డిస్కు ఉన్నట్టుండి గరగరమని, ఆగిపోయింది. మళ్ళీ లేవలేదు.

"అయిపోయింది," అంది ఫెబీ. "రికార్డింగులు దాదాపు అన్నీ వచ్చినాయి. చివరి ఫైలు రాలేదన్నా."

"ముందుది ఉంది గదా?"

"ఉంది."

అతను కళ్ళు తుడుచుకున్నాడు. "అయితే ఉన్నట్టే. కొంచెం నత్తిగా పలుకుతదేమో. తర్వాత మళ్ళీ నేర్పుకుందాం."

కొత్త డిస్కును ఫెబీ వాళ్ళ పెట్టెలోనే బిగించింది. బటన్ నొక్కితే రెండు ఫ్యాన్లూ తిరిగాయి. ఎర్ర అక్షరాలు రాలేదు. లినక్స్ లేచింది. వేడి ఎంతుందో చూస్తే, పొద్దుటితో పోలిస్తే సగానికి దిగింది. ఫెబీ స్పీకర్లు తగిలించి, వీరాంజనేయులు చెప్పినట్టు ప్రోగ్రాం తెరిచింది. తెర మీద ఒక తెల్లటి గడి. అందులో ఏం రాస్తే అది మాట్లాడుతుంది.

అతను కీబోర్డు మీదికి చెయ్యి చాపాడు. "ముందు ఒక చిన్న మాట పెట్టి చూద్దాం. నమస్కారం అని..."

అరుణకుమారి అతని చెయ్యి పక్కకు నెట్టింది. కుర్చీ లాక్కుని తనే కూర్చుంది.

"నువ్వే రాయి," అన్నాడతను గబగబా. "నువ్వే. నేను చూడనులే, వింటా. వినాలనే ఉంది నాకు." గోడ దగ్గరికి పోయి నిలబడి, చిన్నపిల్లాడిలా కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

ఆమె రాయడం మొదలుపెట్టింది. రాసింది చెరిపింది. మళ్ళీ రాసింది. బయట బస్టాండు వైపునుంచి గిద్దలూరు బస్సు కండక్టరు కేక వినిపిస్తోంది. పొద్దు వాలుతోంది. ఆమె భుజం అడ్డం ఉండటం వల్ల ఫెబీకి తెర కనపడలేదు. వేళ్ళు మాత్రం కనపడ్డాయి. అవి ఒక్కో అక్షరం దగ్గరా ఆగి ఆగి పోతున్నాయి. ఇన్నేళ్ళ తర్వాత మాట్లాడబోతున్న మనిషికి మాటలు తడబడవా అనుకుంది ఫెబీ.

అరుణకుమారి ఎంటర్ నొక్కింది.

మిషను కాసేపు ఆలోచించింది. తర్వాత ఆ గొంతు వచ్చింది. అదే గొంతు. బడి దారిలో ఫెబీ విన్నదే. కొంచెం జీర ఉంది, 'ళ' సరిగా పలకలేదు, ఒకచోట ఊపిరి తీసుకోవడం మరిచిపోయింది. అయినా అదే.

"నీకొక మాట చెప్పాల. పోయిన నెల కనిగిరిలో మా అక్క కాడికి పోతన్నానని చెప్పి పోయినా. అక్క కాడికి పోలేదు. పెద్దాసుపత్రికి పోయినా. మెడలో మళ్ళీ గడ్డ ఉందన్నారు. ఎట్ల రాసి చూపించాలో తెలియలేదు."

ఫెబీ చెయ్యి నోటి మీదికి పోయింది.

వీరాంజనేయులు కళ్ళు తెరవలేదు. రెప్పల కింది నుంచి నీళ్ళు చెంపల మీదికి, అక్కడినుంచి మీసంలోకి కారుతున్నాయి. తల గోడకు ఆనించి, గాలిలో ఇంకా మిగిలి ఉన్న ఆ గొంతునే వింటున్నాడు. ఆ మాటలు అతని దాకా ఇంకా చేరలేదు.

"ఇంకోసారి," అన్నాడు. "ఇంకొక్కసారి చెప్పు అరుణా."

అరుణకుమారి వెనక్కి తిరిగి అతన్ని చూసింది. ఫెబీ వద్దన్నట్టు తల ఊపింది. ఆమె ఫెబీని చూడలేదు. వేలు ఎంటర్ మీద పెట్టి, ఒక్క క్షణం ఆగి, నొక్కింది.